మూడో రంగు

ఒక గడి నలుపా తెలుపా అని తేల్చుకోవడానికి అరగంట కదలకుండా కూర్చున్న మనిషి, వెళ్ళొస్తానని ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం ఎందుకు ఆగలేదు? తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ రెండోసారి చదవడం కూడా అయిపోయింది గానీ, దీనికి మాత్రం నాకు జవాబు తట్టలేదు.

ఆవిణ్ణి మా వీధిలో అందరూ టచింగమ్మ అనేవారు. వీధి చివర ఫోటో స్టూడియోలో, వెనక గదిలో, ముప్పై రెండేళ్ళు పనిచేసింది. ఫిల్ము రోజుల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మొటిమలూ ముడతలూ మాయం చేసేది. స్టూడియోల్లో ఆ పనిని టచింగ్ అంటారు. కంప్యూటర్లు వచ్చాక తోటివాళ్ళు ఒక్కొక్కరే మానేస్తే, ఈవిడ కుర్చీలోంచి లేవకుండా బల్ల మీద సామాను మార్చుకుంది. పెన్సిలు పోయి మౌసు వచ్చింది. భూతద్దం మాత్రం పోలేదు. తెర మీద బొమ్మను ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు కదా, మళ్ళీ ఈ అద్దం ఎందుకని స్టూడియో యజమాని వేళాకోళం చేసేవాడట. ఆవిడ పట్టించుకునేది కాదు. తెరకు అద్దం ఆనించి, ఒక కన్ను మూసి, గడియారం బాగుచేసేవాడిలా చూసేది.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళవలసి రావడానికి కారణం నా నిర్వాకమే.

మా అక్కకు ఊలు దుకాణం ఉంది. దాని మీది గదిలో నేను ఉంటాను. బీమా ఆఫీసులో ఉద్యోగం అయిపోయాక నా పని చదువుకోవడం, అక్క పిలిస్తే కిందికి దిగడం. మా అమ్మ జీవితమంతా స్వెట్టర్లు అల్లింది. అల్లబోయే ప్రతి బొమ్మనూ ముందు గళ్ళ కాగితం మీద వేసుకునేది. ఒక గడి అంటే ఒక కుట్టు. నింపిన గడికి నల్ల ఊలు, ఖాళీ గడికి తెల్ల ఊలు. అలాంటివి ఏడు నోటు పుస్తకాలు అక్క దగ్గర ట్రంకు పెట్టెలో ఉండేవి. వాటిని లోకమంతా చూడాలని నాకు బుద్ధి పుట్టింది. వెబ్ పేజీ ఎలా కట్టాలో చెప్పే పుస్తకం ఒకటి తెచ్చుకుని, మొదటి పుటనుంచి చివరి పుటదాకా చదివి, పేజీ కట్టేశాను. నోటు పుస్తకాలను ఫోనుతో ఫోటోలు తీసి, చిన్నవిగా చేసి అందులో పెట్టాను. బొమ్మలను దాచే పద్ధతుల, అంటే ఫార్మాట్ల గురించి ఆ పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. చదివే జబ్బున్న నేను జీవితంలో వదిలేసిన అధ్యాయం బహుశా అదొక్కటే.

పేజీ చూసి ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అక్కకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అక్క పొంగిపోయింది. పది ఊళ్ళవాళ్ళు కలిసి ఒక ఆదివారం పొద్దున్న పదింటికి, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, అమ్మ వేసిన పక్షి బొమ్మను ఒకేసారి అల్లాలని అనుకున్నారు. అరచేయంత ముక్క, రెండు గంటల పని. రెండు వందలమంది పేర్లిచ్చారు. అక్క అందరూ వస్తున్నట్టే లెక్కవేసి, దుకాణం ముందు గది తుడిపించి కుర్చీలు కూడా వేయించింది, వాళ్ళంతా ఫోన్లలోంచి దిగి వస్తారన్నట్టు.

సరిగ్గా మూడు వారాల ముందు ఒకావిడ తొందరపడి పక్షిని అల్లేసి ఫోటో పంపింది. ఎక్కడో కొండ ఊళ్ళో నర్సట. అక్క కళ్ళజోడు సవరించుకుని చూసింది. నల్ల పక్షి. తెల్ల నేల. పక్షి చుట్టూ బూడిద రంగు కుట్లు, అక్కడొకటి ఇక్కడొకటి, ఈకలు రాలుతున్నట్టు. కన్ను కూడా బూడిదే. కింద రాసింది: "మీ అమ్మగారి మూడో రంగు దొరకడానికి నాలుగు కొట్లు తిరిగానండీ. ఎంత గొప్ప ఊహో ఆవిడది."

అక్క ఆ ఫోటో పక్కన అమ్మ నోటు పుస్తకం తెరిచి పెట్టుకుంది. తర్వాత నన్ను కిందికి పిలిచింది.

"అమ్మ ఎన్ని రంగులు వాడేదిరా?"

"రెండు."

"మరి ఈ మూడోది ఎవరిది?"

నా పేజీ తెరిచి చూశాను. నిజమే. నలుపూ తెలుపూ కలిసేచోటల్లా గళ్ళు మసకబారి ఉన్నాయి. నా కంటికి అది కాగితం మాసిపోవడంలా కనిపించింది. అల్లేవాళ్ళ కంటికి అలా కాదు. వాళ్ళకు గడిలో ఏది కనిపిస్తే అది ఆజ్ఞ. ఆ నర్సమ్మ ఆజ్ఞ పాటించింది, అంతే.

అక్క కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆదివారానికి గళ్ళు శుభ్రంగా లేకపోతే, ఉన్నా అందరి ఫోన్లలో తెరుచుకోకపోతే, పేజీ తీసెయ్యమంది. పుస్తకాలు మళ్ళీ ట్రంకులోకి వెళ్తాయంది. రెండు వందలమంది చేత అమ్మ పేరుమీద తప్పు అల్లించడం కంటే, అమ్మ ఎవరికీ తెలియకపోవడమే నయమట. అక్క మాట అంటే మాటే. చిన్నప్పుడు నాతో పన్నెండు రోజులు మాట్లాడకుండా ఉండి చూపించిన మనిషి.

మర్నాడే ఫోను చేత్తో పట్టుకుని స్టూడియో వెనక గదికి వెళ్ళాను. టచింగమ్మ అద్దం ఆనించి పక్షిని చూసింది.

"ఈ దుమ్ము ఎవరు పోశారండీ?"

నేనే అన్నాను.

"ఎన్నిసార్లు?"

అర్థం కాక తెల్లమొహం వేశాను. బొమ్మను ఎన్నిసార్లు తెరిచి, దిద్ది, మళ్ళీ దాచానని ఆవిడ అడుగుతోంది. లెక్కపెట్టుకుంటే పక్షికి పదకొండుసార్లు తేలింది. అంచులు కత్తిరించడానికి, కాస్త వెలుగు పెంచడానికి, వంకర సరిచేయడానికి.

"పదకొండుసార్లూ జేపెగ్‌లోనే దాచారా?"

"అవునండీ."

"పుస్తకాలు బాగా చదువుతారని విన్నాను. ఒక కథని పదకొండుమంది ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ పోయి, చివరివాడు చెప్పింది అచ్చేస్తే మీరు ఊరుకుంటారా?"

అక్కడే, నెగెటివ్‌ల అలమర పక్కన నిలబెట్టి, నేను వదిలేసిన అధ్యాయం మొత్తం ఆవిడ నాకు చెప్పింది. జేపెగ్ దాచిన ప్రతిసారీ బొమ్మలో కొంచెం మరిచిపోతుంది. ఫైలు చిన్నదయ్యేది అందుకే. మనిషి ముఖానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది, ఎందుకంటే బుగ్గ మీద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు. అది మరిచిపోయిన సంగతి మనకు తెలియనే తెలియదు. గడి సంగతి వేరు. గడికి అంచు ఉంటుంది. అంచు దగ్గర జేపెగ్ తడబడి, పక్కగడిలోకి కాస్త మసి విదిలిస్తుంది. గీతలకూ అక్షరాలకూ గళ్ళకూ కావలసింది పీఎన్‌జీ. అది పెట్టింది పెట్టినట్టు దాస్తుంది, ఎన్నిసార్లు తెరిచి మూసినా.

వింటుంటే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంటే మందు ఉందన్నమాట. ఆవిడకు సరిగ్గా దండం కూడా పెట్టకుండా ఇంటికి పరుగెత్తి, సాయంత్రంలోగా పేజీలో ఉన్న బొమ్మలన్నిటినీ, పిన్నీ వదినలూ అమ్మ అల్లిన స్వెట్టర్లు వేసుకుని నిలబడ్డ ఫోటోలతో సహా, పీఎన్‌జీలోకి మార్చేశాను. ఒక్కటీ వదల్లేదు.

మూడో రోజు టచింగమ్మ దుకాణానికి వచ్చింది. స్టూడియోలో లెక్క ప్రకారం ఆవిడకు అవి చివరి వారాలు. వెనక గది తీసేస్తున్నారు. ఇంకో ఊళ్ళో మ్యూజియం వాళ్ళు పాత గాజు నెగెటివ్‌లు శుభ్రం చేయడానికి రమ్మన్నారనీ, మన ఆదివారం మర్నాడే అక్కడ చేరాలనీ అక్కతో చెప్పింది. ఈలోగా చేతులు ఊరికే ఉంచుకోవడం చేతకాదంది. సంచీలోంచి ఒక పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తెర పగిలి, ఒక మూల రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"ఈయన జడ్జిగారు" అంది. "ఈయన ముందు తెరుచుకున్న పేజీ ఎవరి దగ్గరైనా తెరుచుకుంటుంది."

జడ్జిగారి చేత నా పేజీ తెరిపించి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తెల్ల తెర. అయిదు. పదకొండు దగ్గర పిన్ని జుట్టు కనిపించింది. పందొమ్మిది దగ్గర నుదురు. పిన్ని భుజాల దాకా దిగేసరికి అక్క నవ్వాపుకోలేక కౌంటరు వెనక్కి వెళ్ళిపోయింది.

"అయిదు దాటితే మనిషి ఉండడు అన్నగారూ, వెళ్ళిపోతాడు. చెప్పి కూడా వెళ్ళడు."

ఫోటోలను పీఎన్‌జీలో పెడితే అది ప్రతి వెంట్రుకనూ, ప్రతి నీడనూ పట్టుకుని కూర్చుంటుందట, అందుకే ఆ బరువు. ముఖాలు జేపెగ్‌కే పోవాలి. ఇక పక్షి దగ్గరికి వచ్చి అద్దం ఆనించింది. దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది. నేను జేపెగ్‌నే తీసుకెళ్ళి పీఎన్‌జీగా మార్చాను కదా. అది పెట్టింది పెట్టినట్టు దాస్తుందని ఆవిడ చెప్పనే చెప్పింది. నేను మసి పెట్టాను, అది మసిని భద్రంగా దాచింది.

"మాసిన శాలువా తెచ్చి అద్దాల బీరువాలో పెడితే మాపు పోతుందేంటిరా" అని అక్క కౌంటరు వెనకనుంచి అంది. తనకు ఫార్మాట్లు అర్థమయ్యాయని అప్పుడు తెలిసింది. నాకంటే ముందే.

ఆ రెండు వారాలూ మా దుకాణం ఎలా ఉండేదో చెప్పలేను. డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డ నేను పొద్దున్నే లేచి మెట్లు రెండేసి దిగేవాణ్ణి. స్టూడియో స్కానర్‌ను ఊలు సంచుల మధ్య పెట్టాం. అక్క నోటు పుస్తకాన్ని రెండు చేతులతో తెరిచి పట్టుకునేది, నేను మూత దించేవాణ్ణి, టచింగమ్మ తెర ముందు కూర్చునేది. ఈసారి కాగితం నుంచి నేరుగా, ఒక్కసారే, రెండే రంగుల్లో. బొమ్మలో రెండే రంగులున్నాయని ముందే చెప్పేస్తే పీఎన్‌జీ ఎంత చిన్నదైపోతుందో చూసి నేను కుర్చీలోంచి లేచాను. నా జేపెగ్ పక్షిలో పదో వంతు లేదు. మసి లేదు. జడ్జిగారు 'ఒకటి' అనేలోపు తెరిచారు.

దుకాణం గుర్తు ఒకటుండేది, ఊలు ఉండలో గుచ్చిన రెండు సూదులు. దాన్ని ఆవిడ ఎస్‌వీజీ అనే మరో పద్ధతిలో గీసింది. అందులో బొమ్మ ఉండదు, ఏ గీత ఎక్కణ్ణించి ఎక్కడికో లెక్క మాత్రమే ఉంటుంది. ఫోను ఆ లెక్క చూసి తనే గీసుకుంటుంది. వేలిగోరంత చేసినా, గోడంత చేసినా అంచు చెక్కు చెదరదు. నేను దాన్ని తెర పట్టనంత పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూస్తుంటే అక్క వచ్చి ప్లగ్గు పీకేస్తానంది.

ఫోటోలకు వెబ్‌పీ అనే కొత్త రకం ఇంకా తేలికని ఆవిడ ప్రయత్నించింది. మా ఫోన్లలో పిన్ని ముఖం ఠక్కున వచ్చింది. జడ్జిగారికి మాత్రం ఆ భాష రాదు, ఖాళీ డబ్బా చూపించారు. అక్క జడ్జిగారి పక్షం. ఊళ్ళలో అందరివీ కొత్త ఫోన్లా అంది. అందుకని వెబ్‌పీ వెనకే పాత జేపెగ్‌ను కూడా నిలబెట్టి, ఏది తెరవగలిగిన ఫోను దాన్ని తెరుచుకునేలా చేశారు. ఇద్దరాడవాళ్ళూ ఫోను తీర్పు కోసం తల వంచి నిలబడటం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

శుక్రవారం పొద్దున్న పెద్ద చిక్కు వచ్చింది.

రెండే రంగులంటే, మధ్యలో ఉన్నది ఏదైనా ఇటో అటో పోవాలి. ఎంత నలుపుంటే నలుపు, ఎంత తక్కువైతే తెలుపు అనే గీటును టచింగమ్మ చేత్తో జరిపి సరిచూసేది. మిగతా గళ్ళన్నీ బుద్ధిగా ఎటో ఒకవైపు వెళ్ళాయి. పక్షి కన్ను దగ్గర ఒక్క గడి మాత్రం గీటు వెంట్రుకవాసి జరిపితే నలుపవుతోంది, ఇంకో వెంట్రుకవాసికి తెలుపవుతోంది. కాగితం చూస్తే అక్కడ పెన్సిలు మరక ఉంది, సగం సగం. ఆవిడ తెర మీద చూసింది, కాగితం మీద చూసింది, కాగితాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూసింది. అరగంట. అక్క రెండుసార్లు టీ పెట్టి చల్లార్చింది. ఒక్క గడే కదా, ఏదో ఒకటి వేసెయ్యండి అని నేను నోరు జారాను.

"ముప్పై రెండేళ్ళు ముఖాలు దిద్దాను అన్నగారూ. మొటిమ తీసెయ్యొచ్చు. పుట్టుమచ్చ తీసేస్తే ఆ మనిషి కాదు. ఇది మొటిమో పుట్టుమచ్చో నాకు తెలీడంలేదు." అద్దం కింద పెట్టింది. "ఇది నేను తేల్చేది కాదు. అక్కగారు తేల్చాలి."

అక్క లోపలికి వెళ్ళింది. ట్రంకు చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో నా స్వెట్టరు ఉంది, నాకు ఆరేళ్ళప్పటిది. అది ఇంకా ఉందని నాకే తెలియదు. రొమ్ము మీద నల్ల పక్షి. టచింగమ్మ అద్దం పెట్టకముందే అక్క వేలితో తడిమి చూపించింది. కన్ను దగ్గర ఒక తెల్ల కుట్టు.

"ముందు నింపేసుంటుంది" అంది అక్క. "తర్వాత కన్నులేని పక్షి ఎక్కడికెళ్తుందని చెరిపేసుంటుంది. అమ్మ అంతే. కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చేది."

టచింగమ్మ ఆ గడిని తెలుపు చేసింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఆ నోటు పుస్తకం పేజీని మళ్ళీ ఫోటో తీసింది, మరకలూ చెరిపిన జాడలూ కాగితం పసుపూ అన్నీ ఉన్నట్టుగా. దాన్ని మెత్తని జేపెగ్‌గా పక్షి పక్కన చిన్నదిగా పెట్టింది. గళ్ళు అల్లేవాళ్ళకి, ఇది చూసేవాళ్ళకి అంది. అక్క ఆ చిన్న ఫోటోను వేలితో పెద్దది చేసి చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. అంచులు మసకబారాయి. అక్కడ ఫరవాలేదు.

ఆదివారం పది కావడానికి పది నిమిషాల ముందే నేను బల్ల ముందు కూర్చున్నాను. టచింగమ్మ పన్నెండింటి బస్సుకు వెళ్ళాలి. సంచీ కుర్చీ పక్కనే పెట్టుకుని, జడ్జిగారిని ముందు పెట్టుకుని కూర్చుంది. పదింటికి అక్క పేజీ తెరిచి అందరికీ గట్టిగా నమస్కారం చెప్పింది, ముందు గదిలోని ఖాళీ కుర్చీలకు. పది దాటి ఒక నిమిషం. రెండు నిమిషాలు. తర్వాత ఫోను టింగుమంది, మళ్ళీ టింగుమంది, ఆ తర్వాత ఆగలేదు. తెరుచుకుంది. "మా దగ్గర తెరుచుకుంది" అని ఒకరు. "నా పాత ఫోనులో కూడా తెరుచుకుంది" అని ఇంకొకరు. ఒకావిడ బస్సులో కూర్చుని అల్లుతోందట, అక్కడ కూడా తెరుచుకుంది. నేను వచ్చినవి వచ్చినట్టు పైకి చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. టచింగమ్మ మాత్రం జడ్జిగారిలో పేజీ మూసి తెరిచి, మూసి తెరిచి, పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది.

కానీ అక్క ముఖంలో బిగువు సడలలేదు. అమ్మ బొమ్మలు తోకనుంచి మొదలవుతాయి, తల ఆఖరున వస్తుంది. కన్ను వచ్చేదాకా ఎవరు ఏం అల్లుతున్నారో తెలియదు. తోకల ఫోటోలు వచ్చాయి. రెక్కలు వచ్చాయి. అన్నిటిలోనూ నలుపూ తెలుపే. అక్క ప్రతి దాన్నీ టచింగమ్మ భూతద్దం లాక్కుని మరీ చూసింది. పదకొండున్నర. మెడలు. ఎవరో దారం తెగిందని రాశారు, ఎవరో పిల్ల నిద్ర లేచిందని రాశారు. నేను కుర్చీలో కూర్చోలేక గుమ్మానికీ బల్లకూ మధ్య తిరుగుతున్నాను.

అప్పుడు ఆ నర్సమ్మ దగ్గర్నుంచి వచ్చింది. అందరికంటే ముందు ఆవిడే పూర్తిచేసింది. నల్ల పక్షి, తెల్ల నేల, కన్ను దగ్గర ఒక్కటే ఒక్క తెల్ల కుట్టు. కింద రెండు ముక్కలు రాసింది: "ఈసారి నన్ను చూస్తోందండీ."

అక్క ఒకసారి చదివింది. రెండోసారి పైకి చదివింది. ఫోను గుండెకు ఆనించుకుని, పుస్తకాలు ఇక దుకాణంలోనే ఉంటాయి, ట్రంకులో దుప్పట్లు పెట్టుకుంటాను అంది నాతో. ఆ మాటకు నేను కళ్ళు తుడుచుకుంటుంటే, అక్క పక్కకు తిరిగి భూతద్దం చాపింది.

"చూడు చెల్లీ, నువ్వు తేల్చనన్న గడి."

కుర్చీ బల్ల కిందికి నెట్టేసి ఉంది. సంచీ లేదు. జడ్జిగారు లేరు. టీ గ్లాసు కడిగి బోర్లించి ఉంది. నేను గుమ్మంలోకి పరుగెత్తాను. వీధి మలుపులో ఆవిడ సంచీ ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ, ఆగకుండా, వెనక్కి తిరగకుండా నడిచిపోతోంది.